శుక్రవారం సూది

ఆ గాజు సిరంజి నా చేతిలోంచి జారి పడలేదు. నేనే వదిలేశాను.

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని, ఆ రోజు పేజీలో కూడా "సిరంజి పగిలింది" అని మాత్రమే రాసుకున్నాను, దానంతట అదే పగిలినట్టు. వృద్ధాశ్రమంలో అందరూ "పిల్లకు చేతులు వణుకుతయి" అన్నారు. అననిచ్చాను. నోట్లో మాట లేని పిల్లకు చేతులు వణకడం సహజమేననుకున్నారు. నిజానికి ఆ పూట నా చేతులు ఎన్నడూ లేనంత నిలకడగా ఉన్నాయి.

నర్సింగు పనిలోకి కొత్తగా వస్తున్న చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉద్యోగ జ్ఞాపకాలు తల నెరిశాక రాసుకునేవి కదా, ఇప్పుడే ఎందుకని మీరు అడగొచ్చు. ఆ ఉద్యోగం నుంచి నేను ఇరవై మూడో ఏటనే విరమించాను. విరమింపజేశారనడం ఇంకా సరైన మాట. ఇప్పుడు వేరే చోట పనిచేస్తున్నాను. అయినా నాకు పని నేర్పింది ఆ మొదటి కొలువే.

తొంభైల మొదట్లో మాట. సిద్దిపేటలో హైదరాబాదు రోడ్డు మీద, ఊరు అయిపోయే చోట ఒక పాత బీడీల కార్ఖానా ఉండేది. కార్ఖానా మూతబడ్డాక, దాని సొంతదారు కొడుకు, బజారులో బట్టల దుకాణం నడిపే సేటు, ఆ జాగను దిక్కులేని ముసలివాళ్లకు ఆశ్రమంగా ఇచ్చాడు. దాన్ని నడిపే కమిటీకి పెద్ద కూడా ఆయనే. పెద్ద హాలు, వరండా, వెనక వంటిల్లు, దాని పక్కన కట్టెల గది. వానాకాలం గోడలు తడిస్తే తునికాకు వాసన వచ్చేది. శిక్షణ అయిపోయిన వెంటనే నన్ను అక్కడ నర్సుగా పెట్టుకున్నారు. సేటు అడిగిన ప్రశ్నలకు నేను తల ఊపడం తప్ప నోరు తెరవలేదు. "మంచిదే, నిమ్మలస్తురాలు" అని ఆయన సంతోషపడ్డాడు.

నా పెట్టెలో చీరల మడతల మధ్య గ్రంథాలయం నుంచి తెచ్చిన నవలలు ఉండేవి. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు చదువుకునేదాన్ని. ఇది కనిపెట్టింది ఒక్క అవ్వే.

అవ్వ అంటే నంగునూరు దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలామె. పెనిమిటి లేడు, పిల్లలు లేరు. వయసులో ఉన్నప్పుడు అదే కార్ఖానాలో కూర్చుని బీడీలు చుట్టింది. ముసలితనంలో మళ్లీ అదే హాలుకు మంచం వేసుకుని వచ్చింది. అందుకే ఆశ్రమంలో ఆమె మాట తీరే వేరు. మిగతావాళ్లు చుట్టాలింట్లో ఉన్నట్టు ఒదిగి ఉంటే, ఆమె తన ఇంట్లో ఉన్నట్టు ఉండేది.

"ఏంది పిల్లా, మల్ల కాయిదాలు నములుతున్నవా? గండ్ల ఏమున్నదో మాకు సుత జెప్పరాదు."

"ఉత్త కథలవ్వా."

"నీ నోట్లకెల్లి ఒక్క మాట రావాలంటె బాయిల బొక్కెనేసి తోడాలె."

ఆశ్రమంలో వారంలో అన్నిటికన్నా పెద్ద పండుగ శుక్రవారం సూది. ఆ రోజు పొద్దున కాంపౌండరు సారు సైకిలు మీద వచ్చేవాడు. చాలా ఏళ్లు ఊళ్లలో దవాఖానల్లో పనిచేసి రిటైరయిన మనిషి. పైసా తీసుకోకుండా ప్రతి శుక్రవారం అందరికీ బలం సూది, అంటే బీ-కాంప్లెక్స్ ఇంజెక్షను వేసేవాడు. మందు సీసాలు సేటు కొనిచ్చేవాడు. ముసలివాళ్లకు గోళీల మీద నమ్మకం లేదు. సూది పొడిస్తేనే అది మందు. జబ్బ కాస్త నొప్పి పుడితే బలం ఎక్కుతున్నట్టు. స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, వరండాలో సిమెంటు బల్ల మీద వరుసగా కూర్చునేవాళ్లు. అవ్వ ఎప్పుడూ ముందే. సేటు వచ్చిన శుక్రవారం మాత్రం మొదటి సూది ఆయనకు. "నేను ఏసుకుంటున్న, మీకేం భయం" అని అందరికీ ధైర్యం చెప్పి, చొక్కా చేయి మడిచి, ఆయనే ముందు కూర్చునేవాడు.

ఇప్పుడు మీరు కవరు చింపి, ఒక్కసారి వాడి, ప్లాస్టిక్ సిరంజిని పారేస్తున్నారు. అప్పుడు మా దగ్గర ఉన్నది ఒకే ఒక గాజు సిరంజి, నాలుగైదు సూదులు. పొద్దున వాటిని మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, వంటింట్లో బాగా మరగబెట్టేదాన్ని. ఆ తర్వాత బల్ల మొదటి నుంచి చివరిదాకా అదే సిరంజి. సూది మొండిదైతే మార్చేవాళ్లం. మనిషికీ మనిషికీ మధ్య నేను స్పిరిటు దూదితో సూదిని తుడిచి అందించేదాన్ని. చూసేవాళ్లకు ఎంత శుభ్రంగా కనిపించేదో. పొద్దున మరగబెట్టిన శుభ్రత మొదటి జబ్బతోనే అయిపోయేదని మాలో ఎవరికీ తోచలేదు.

కాంపౌండరు సారు మంచివాడు. నాకు ముసలి చేతులను పట్టుకోవడం నేర్పింది ఆయనే. "జబ్బను పట్టుకోకు బిడ్డా, మనిషిని పట్టుకో. మందు ఎక్కేదాక ఏదన్న ముచ్చట పెట్టు" అనేవాడు. ముచ్చట నాకు చేతనయ్యేది కాదు కనుక ఆయనే పెట్టేవాడు.

సూది వేయించుకోనివాడు ఒక్కడే. గాజుల తాత. లాడ్ బజారు నుంచి సరుకు తెచ్చి ఊరూరా తిరిగి గాజులమ్మిన ముసల్మాను. ఎన్ని వందల ఆడవాళ్ల చేతులు పట్టుకున్నాడో గానీ, తన చేయి పట్టుకుంటానంటే మాత్రం పారిపోయేవాడు.

"నక్కో సాబ్. అల్లా నా చెయ్యికి బొక్కలు పెట్టకుంట ఇచ్చిండు. అట్లనే వాపస్ ఇస్త."

"పిరికి సచ్చినోడ" అని అవ్వ నవ్వేది. ఇద్దరికీ మంచి దోస్తీ. ఆయన తెచ్చిన జర్దా పాను ఇద్దరూ పంచుకునేవాళ్లు. ఒకే సిల్వరు గిలాసలో చాయ్ సగం తాగి సగం అటు జరిపేవాళ్లు.

వానలు మొదలయ్యాక అవ్వ బీడీ మానేసింది. అంటే మానాలని మానలేదు, నోటికి ఎక్కడం లేదంది. బీడీ వాసనకు డోకు వస్తున్నదని ముఖం తిప్పుకుంది. బీడీల మధ్యనే బతికిన మనిషికి బీడీ వాసన పడకపోవడం నాకు వింతగా తోచింది. అన్నం దగ్గరా అంతే. ఒకరోజు పొద్దున ముఖం కడుక్కుంటుంటే వెలుతురులో చూశాను. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

పసిరికలు, అంటే కామెర్లు, అన్నారు అందరూ. ఎవరికి తోచిన వైద్యం వాళ్లు చెప్పారు. ఒకరు ఆకు పసరు, ఒకరు మణికట్టు మీద వాతలు. "బీడీ నిప్పుకు కాలని జాగ నా మీద లేదు, ఇంక వాతలు ఏడ పెడ్తరు" అని అవ్వ ఒప్పుకోలేదు. నేను నా పాఠ్యపుస్తకం తీశాను. అందులో కామెర్లకు నీళ్లు మరగబెట్టమని ఉంది. బావిలో బ్లీచింగు పొడి వేయించాను, నీళ్లన్నీ మరగబెట్టించాను. వంటామె నా మీద రుసరుసలాడుతూ కట్టెలు పెట్టింది.

కొన్నాళ్లకు కిటికీ దగ్గరి మంచం మీది ఒక ముసలాయనకు వచ్చింది. ఆ తర్వాత మడి అమ్మకు.

మడి అమ్మ గురించి చెప్పాలి. ఆశ్రమంలో ఉన్నా ఆశ్రమం అన్నం ముట్టని మనిషి. హాలు మూలలో గీత గీసినట్టు తన కిరసనాయిలు పొయ్యి, తన ఇత్తడి గిన్నె, తన బిందె. తెల్లవారకముందే స్నానం చేసి తడిబట్టతో నీళ్లు తోడుకునేది. ఎవరి నీడ పడినా మళ్లీ తోముకునేది. సూది మాత్రం వేయించుకునేది. "మందుకు అంటు లేదు" అని తనే ఒక మినహాయింపు ఇచ్చుకుని, అందరికీ దూరంగా బల్ల చివర కూర్చునేది.

ఆమె కళ్లు కూడా పచ్చబడేసరికి ఆశ్రమంలో భయం పుట్టింది. భయం పుట్టాక కారణం కావాలి. మొదట వచ్చింది అవ్వకు కనుక, తెచ్చింది అవ్వే అన్నారు. ఆమె కంచం, గిలాస వేరు చేశారు. అన్నం విస్తట్లో పెట్టి దూరం నుంచి జరిపారు. తర్వాత మంచం ఎత్తి కట్టెల గదిలో వేశారు. గాజుల తాత ఒక్కడే చాయ్ గిలాస పట్టుకుని అక్కడికే పోయి, కట్టెల మోపు మీద కూర్చునేవాడు.

"నీకు భయం లేదా తాతా?" అన్నాను.

"సూదికే భయం బేటీ. ఈమెకు కాదు."

నేను అవ్వను పెద్దదవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ రక్తం తీసి హైదరాబాదుకు పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక మమ్మల్ని పిలిపించింది. చీటీ మీద ఆస్ట్రేలియా యాంటిజెన్ అని ఉంది. హెపటైటిస్-బి అనే కామెర్లకు అప్పట్లో ఆ పరీక్ష పేరు అది. ఆస్ట్రేలియా అన్న మాట పట్టుకుని అవ్వ అడిగింది.

"గదేడ ఉంటది?"

"సముద్రం అవుతల ఒక దేశమవ్వా."

"నేను కరీంనగర్ మొకమే సూడలే. గాడికెల్లి నా మీదికెట్లొచ్చె?"

డాక్టరమ్మ నవ్వి, అవ్వను బయట కూర్చోబెట్టి, నాతో నెమ్మదిగా చెప్పింది. ఇది నీళ్లతో, అన్నంతో వచ్చేది కాదు. ఒకరి కంచంలో ఒకరు తిన్నంత మాత్రాన అంటుకోదు. రక్తంతో వస్తుంది. కంటికి కనబడనంత రక్తం ఒకరి నుంచి ఇంకొకరిలోకి పోయినా చాలు. లోపలికి పోయిన రెండు మూడు నెలలకు గాని బయటపడదు. కొందరిలో ఏళ్లతరబడి ఉండి కూడా కళ్లు పచ్చబడవు, అందుకని ఎవరు తెచ్చారో చెప్పలేం.

"మీ దగ్గర గడ్డాలు గీసే కత్తి ఒకటేనా?" అంది.

పడ్డవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లని చెప్పాను.

"మరి సూదులు ఎవరు వేస్తారు? ఎలా వేస్తారు?"

చెప్పడం మొదలుపెట్టాను. చెబుతూ చెబుతూ మధ్యలోనే ఆగిపోయాను. అవ్వ గిలాసలో చాయ్ తాగిన తాతకు ఏమీ కాలేదు. ఎవరి గిలాసా ముట్టని మడి అమ్మకు వచ్చింది. ఒకరు సూది వేయించుకోరు, ఒకరు వేయించుకుంటారు. ఇన్నాళ్లూ ఇద్దరూ నా కళ్ల ముందే తిరుగుతున్నారు.

"మీరొచ్చి కమిటీకి చెప్పండి మేడం" అన్నాను.

వార్డు నిండా రోగులున్నారు, ఆమె ఒక్కతే ఉంది. "నువ్వక్కడే ఉంటావు కదా, నువ్వే చెప్పు" అంది.

మొదట కాంపౌండరు సారుకే చెప్పాను. శుక్రవారానికి ముందు ఒకరోజు ఆయన అటుగా వచ్చి ఆశ్రమం బయట బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటుంటే, పంపు కొడుతూ, ఆ చప్పుడు మాటున చెప్పాను. పంపు కొట్టడం ఆపమన్నాడు. మళ్లీ చెప్పమన్నాడు.

"ముప్పై ఏండ్లు ఏసిన బిడ్డా. వేల మందికి ఏసిన. స్పిరిటు తోటి తుడుస్తనే ఉన్నం గద."

"బయట తుడుస్తున్నం సార్. సూది లోపల, సిరంజిల ఉంటదట. ఒక్కొక్కరికి మల్ల మరగబెట్టాలె."

"ఇంత మందికి ఒక్కొక్కసారి మరగబెడితె పొద్దుగూకుతది. ఆ డాక్టరమ్మ నిన్న మొన్న సదువుకోని వచ్చింది. నేను సూది పట్టేనాటికి ఆమె పుట్టలే."

ఆయనకు కోపం రాలేదు. అదే కష్టం. మనసు కష్టపెట్టుకుని సైకిలెక్కి పోయాడు. కోప్పడితే ఎదిరించడం నాకు కొంచెం తేలికయ్యేదేమో.

ఆ శుక్రవారమే సిరంజిని వదిలేశాను. అందరూ బల్ల మీద కూర్చున్నారు, ఆయన మందు సీసా మూత తుడుస్తున్నాడు. నేను డబ్బాలోంచి సిరంజి తీసి, రెండు అడుగులు నడిచి, వరండా బండల మీద వేళ్లు విప్పాను. చిన్న చప్పుడు. ఎవరూ తిట్టలేదు. కాంపౌండరు సారు వంగి గాజు ముక్కలేరుతూ "కాళ్లకు గుచ్చుకుంటయి, జరగుండ్రి" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

సాయంత్రం సేటు వచ్చాడు. నన్ను కూర్చోమని, నీళ్లు తాగమని, "భయపడకు బిడ్డా, పగిలితె పగిలింది. వచ్చే వారం హైదరాబాదుకెల్లి రెండు తెప్పిస్త" అన్నాడు. అదే నోటితో ఇంకో మాట కూడా చెప్పాడు. వచ్చే శుక్రవారం అవ్వను మద్దూరులోని ఆమె అన్న కొడుకు దగ్గరికి పంపిస్తున్నాడు. దుకాణం జీపు వస్తుంది.

"ఆయన పెట్టుకుంటనన్నడా సార్?"

"ఇంట్ల జాగ లేదన్నడు. పశువుల కొట్టంల మంచమేస్తనన్నడు. ఏం జేస్తం? ఈడ పసిరికలున్నయని ఊర్ల తెలిసింది. అన్నదానం పెడ్తమన్నోళ్లు ఎనుకకు పోతున్నరు. ఒక్కామె కోసం ఇంతమంది నోట్లె మన్ను కొట్టాల్నా?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆ ఇరవై మంది అన్నం ఆయన మెడకు వేలాడుతున్నది. అయినా కళ్లు పచ్చబడి, లేచి నిలబడలేని ముసలిదాన్ని పశువుల మధ్య పడుకోబెట్టడం అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. నేను తల దించుకుని వచ్చేశాను. ఆ వారమంతా చేతిలో పుస్తకం పట్టుకుని ఒకే పేజీ చూస్తూ ఉన్నాను. నాలాంటి వాళ్ల ధైర్యం వస్తువుల మీదనే. ఒకటి పగలగొడితే రెండు వస్తాయని నాకప్పుడు తెలిసింది.

శుక్రవారం వచ్చింది. సేటు కొత్త సిరంజిల డబ్బా తానే పట్టుకుని వచ్చాడు. బయట జీపు ఆగి ఉంది. బల్ల నిండా జనం, పోయిన వారం దక్కలేదు కనుక ఇంకాస్త ఆత్రంగా. నేను మరగబెట్టి తెచ్చాను. అంతలో కట్టెల గదిలోంచి అవ్వ బయటకు వచ్చింది. గోడ పట్టుకుని, చంకన మూట పెట్టుకుని, వచ్చి బల్ల మొదట్లో కూర్చుంది. పక్కనున్నవాళ్లు చటుక్కున జరిగారు.

"జీపు తయారున్నది, ఎక్కు" అన్నాడు సేటు.

"ఎక్కుత. నా సూది ఏసుకోని ఎక్కుత."

"ఇప్పుడెందుకు నీకు సూది?"

"వారం వారం ఏసుకున్న. నిరుడు ఏసుకున్న, మొన్న ఏసుకున్న. పోయే నాడు ఉత్తగెందుకు పోవాలె? మీ నాయినకు ఈ బల్ల కాడనే కూసోని బీడీలు సుట్టిన. ఈ గోడలకు గా వాసన ఎక్కిచ్చిందే నేను. నన్ను ఎల్లగొడ్తె కొట్టు గని, నా సూది నాకెయ్యి."

ఎవరో కిసుక్కున నవ్వారు. సేటు ముఖం ఎర్రబడింది. కాంపౌండరు సారు వైపు తిరిగి, "సరే, ఏసి పంపు. అందరికి ఏసినంక ఆమెకు ఆఖరుకు ఎయ్యి" అన్నాడు.

అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చింది. తెచ్చుకున్నది కాదు, వచ్చింది.

"ఆఖరుకెందుకు సార్?"

అందరూ ఎవరు మాట్లాడారా అని చూశారు.

"స్పిరిటు తోటి తుడుస్తున్నం గద. మొదలేస్తె ఏమైతది?"

సేటు బయట ఆగిన జీపు వైపు చూశాడు.

"అవ్వ కంచం తోటి కాదు సార్. సూది తోటి. తాత ఆమె గిలాసల తాగిండు, ఆయన కండ్లు సూడుండ్రి. ఆయన ఒక్క వారం సూది ఏసుకోలే." నా గొంతు నాకే కొత్తగా ఉంది. మడి అమ్మ వైపు తిరిగాను. ఆమె గోడకు ఒరిగి, బల్ల చివర ఎప్పటిలా ఒక్కతే కూర్చుని ఉంది. "అమ్మా, మీరు ఈడ ఎవరి చేతి నీళ్లన్న తాగిన్రా?"

జబ్బులో ఉండి కూడా ఆమె నిటారుగా అయింది. "ఎవరి చేతి నీళ్లు? నేనా? నా బిందె మీద చెయ్యి పడితేనే మూడు సార్లు తోముకుంటాను. ఏం మాటలవి?"

"మరి మీకెట్ల వచ్చింది?"

ఆమె నన్ను చూసింది. తర్వాత తన జబ్బ చూసుకుంది.

"పిల్లా, ఇది కమిటీ చూసుకునే మాట. నువ్వు పోయి నీ పని చూసుకో" అన్నాడు సేటు.

"నా పని ఇదే సార్. సూది అందిచ్చేది నేనే." అవ్వ వైపు చేయి చూపించాను. "ఇయ్యాల మొదలు అవ్వకెయ్యనియ్యుండ్రి. గదే సూది నేను స్పిరిటు తోటి మంచిగ తుడుస్త. తర్వాత మీరు కూసోండ్రి. వచ్చినప్పుడల్ల మాకు ధైర్యం చెప్పేటోళ్లు గద. మీరు ఏసుకుంటె అవ్వను నేనే జీపు ఎక్కిస్త, మద్దూరు దాక నేనే పోయి దింపొస్త."

అవ్వ అప్పటికే జబ్బ మీది కొంగు తీసి కూర్చుంది. సేటు చేయి మడవలేదు. కోపంగా కాంపౌండరు సారును చూశాడు, ఈ పిల్లకు బుద్ధి చెప్పమన్నట్టు.

సారు చేతిలో నిండా మందు ఎక్కించిన సిరంజి ఉంది. అవ్వ జబ్బ చూశాడు. సేటు జబ్బ చూశాడు. తర్వాత పిస్టను నొక్కి మందంతా బండ మీద చిమ్మేసి, సిరంజిని డబ్బాలో పెట్టాడు.

"నేను ఎయ్య సేటూ."

"ఏంది?"

"ఆమెకేసి నీకెయ్యమంటె నా చెయ్యి లేస్తలేదు. నీకు లెవ్వని చెయ్యి ఇన్నొద్దులు వీళ్లకెట్ల లేసిందో..." డబ్బా మూత పెట్టి, సైకిలు దగ్గరికి నడిచాడు. ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, ఎక్కకుండా, నడిపించుకుంటూ పోయాడు.

సేటు బల్ల మీద, ఖాళీగా ఉన్న జాగలో, అవ్వకు మూరెడు దూరంలో కూలబడ్డాడు. చాలాసేపటికి జీపు డ్రైవరును కేకేసి దుకాణానికి పొమ్మన్నాడు. అవ్వ మూట విప్పమని ఎవరూ చెప్పలేదు. ఆమే విప్పుకుంది. సాయంత్రానికి గాజుల తాత, వంటామె కలిసి ఆమె మంచాన్ని కట్టెల గదిలోంచి హాలులోకి మోసుకొచ్చారు.

ఇక్కడితో ఆపితే మీరు నన్ను ఏదో అనుకుంటారు. ఆపను. శుక్రవారం సూది ఆగిపోయింది. దాంతో ఆశ్రమం మొత్తం నాకు శత్రువైంది. పసిరికల భయం పది రోజుల్లో మరిచిపోయారు గాని, సూది పోయిన సంగతి మరవలేదు. మోకాలు నొప్పి అయినా, నిద్ర పట్టకపోయినా, పప్పులో ఉప్పు తగ్గినా, "ఆ పిల్ల సూది బంద్ చేసిన కాడికెల్లి" అనేవాళ్లు. అందరికన్నా ఎక్కువ అలిగింది అవ్వ. తన కోసం నోరు విప్పినందుకు ఒక్క మంచి మాట లేదు. నేను మందు తీసుకుపోతే తీసుకుని మింగి, గోడ వైపు తిరిగేది. నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

కాంపౌండరు సారు రెండు శుక్రవారాలు రాలేదు. మూడో శుక్రవారం వచ్చాడు, చేతిలో డబ్బా లేకుండా. బల్ల మీద కూర్చున్నవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికి పోయి, జబ్బ పట్టుకుని, నొక్కి చూసి, ఇంటి ముచ్చట ఏదో అడిగి, "మంచిగున్నది" అని ముందుకు జరిగాడు. అలాగే ప్రతి వారం రాసాగాడు. గాజుల తాత కూడా వచ్చి వరుసలో కూర్చున్నాడు. నాతో ఆయన ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఒకసారి మాత్రం వెళ్తూ వెళ్తూ, ఊళ్లలో తాను సూదులు వేసిన పాత ఇళ్లకు పోయి వస్తున్నానని చెప్పాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయన ముఖం చూస్తే తెలిసింది.

కిటికీ దగ్గరి ముసలాయన నెమ్మదిగా కోలుకున్నాడు. మడి అమ్మ కోలుకోలేదు. కడుపు ఉబ్బి, మగతలోకి పోయి, చలికాలం మొదలయ్యాక చనిపోయింది. చివరి రోజుల్లో కూడా ఆమె తన బిందె నీళ్లే తాగింది. నేను తెల్లవారి స్నానం చేసి, తడిబట్టతో తోడి తెచ్చి నోట్లో పోశాను. ఆమె పద్ధతి ఆమెది. ఆమెను చంపింది ఆమె మడి కాదు, మేము శుభ్రమని నమ్మిన ఒక సూది. ఆమెకు ఆయువు తీరిందని, దైవం పిలిచిందని అంత్యక్రియల దగ్గర ఎవరో అన్నారు. లేదు అని నేను పైకే అన్నాను. అప్పటికి నాకు అలవాటైంది.

ఆ నెలాఖరుకు సేటు నన్ను పిలిచి, ఇంకో చోట చూసుకొమ్మన్నాడు. ముఖం చూడకుండానే చెప్పాడు. నలుగురిలో ఎదురు మాట్లాడిన పిల్లను పెట్టుకుంటే కమిటీకి విలువ ఉండదన్నాడు. ఆయన కొత్త సిరంజిలు బీరువాలో పెట్టి తాళం వేశాడని, అవ్వను మళ్లీ కదిలించబోనని మాట ఇచ్చాడని కూడా రాయాలి. రెండూ నిజమే. నేను క్షమాపణ అడుగుతానని ఆయన కాసేపు చూశాడు. నేను అడగలేదు. ఇప్పుడూ అడగను.

చెల్లెళ్లారా, మిమ్మల్ని నెమ్మదస్తులని మెచ్చుకుని పనిలో పెట్టుకునేవాళ్లు ఉంటారు. ఆ మెప్పును చూసుకుని మురిసిపోకండి. మీ చేత్తో అందించే ప్రతిదాని గురించీ అడిగే హక్కు మీకుంది. మీ గొంతు సన్నగా ఉంటే ఉండనివ్వండి. సన్న గొంతుతోనే అడగండి.

పోయే రోజు పెట్టె పట్టుకుని హాలంతా తిరిగి అందరికీ చెప్పాను. కొందరు తల ఊపారు, కొందరు అదీ లేదు. తాత తన దగ్గర మిగిలిన రెండు జతల మట్టిగాజులు నా చేతులకు తొడిగాడు. అవ్వ గోడ వైపు తిరిగే ఉంది. కళ్లలో పసుపు చాలా మటుకు పోయింది. తలగడ కింద బీడీ కట్ట మళ్లీ చేరింది. పిలిచాను. పలకలేదు. బయటకు నడిచి, రోడ్డు మీద హైదరాబాదు బస్సు కోసం నిలబడ్డాను.

బస్సు మలుపు దగ్గర కనిపించేసరికి వెనక చెప్పుల చప్పుడైంది. గోడలు, గేటు పట్టుకుంటూ అవ్వ రోడ్డుదాకా వచ్చింది. రొప్పుతున్నది. నా పెట్టె మీద చేయి వేసి, ఊపిరి తీసుకుని, నా మీద ఇంకా కోపంగానే ఉన్న ముఖంతో అంది:

"యాడికన్న పో పిల్లా, గని గట్టిగ మాట్లాడు. గీడిదాక ఇనబడాలె నాకు."